కొండంత మెషిన్‌లో గుప్పెడు ఎలుక

రాత్రి తొమ్మిదిన్నర దాటి, చివరి పేషెంట్ వెళ్లిపోయి, కారిడార్‌లో సగం లైట్లు ఆర్పేశాక సర్వీస్ లిఫ్టులో ఒక పెట్టె వస్తుంది. పైన ఫిల్టర్ మూత, లోపల చెక్కపొట్టు, ఆ పొట్టులో ఒకదాని మీద ఒకటి ముడుచుకుని పడుకున్న ఆరు నల్ల చిట్టెలుకలు. పెట్టె తెచ్చే అమ్మాయి పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉంది, శ్రీకాకుళం జిల్లా పిల్ల. లోపలికి అడుగు పెడుతూనే "అక్కా, నీళ్లు కాగాయా?" అని అడుగుతుంది. ఆ నీళ్ల సంగతి తర్వాత చెప్తాను.

నేను ఎంఆర్ఐ టెక్నాలజిస్ట్‌ని. మాది తెనాలి. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా మనుషులకు స్కాన్లు తీస్తున్నాను. పోయిన ఏడాది నుంచి నెలకు నాలుగైదు రాత్రులు ఎలుకలకు కూడా తీస్తున్నాను. మెదడులో కణితి పెరుగుతున్న ఎలుకలు అవి. ఒక కొత్త మందు ఆ కణితి మీద పనిచేస్తుందా లేదా అన్నది ఆ అమ్మాయి పరిశోధన. "రేపు పేపర్ వచ్చినా మీరు చేసే పని మెథడ్స్‌లో రెండు లైన్లే ఉంటుందక్కా. మీరే ఎక్కడైనా రాయండి" అని తనే పట్టుబట్టింది. అందుకే రాస్తున్నాను.

ఎలుకల కోసమే తయారుచేసిన స్కానర్లు ఉన్నాయి. అయస్కాంతం బలాన్ని టెస్లాల్లో చెప్తాం; అవి 7 టెస్లా, 9.4 టెస్లా, ఇంకా పైన కూడా. వాటి సొరంగం బిందె మూతి కన్నా కాస్త పెద్దగా ఉంటుంది, అంతే. మా దగ్గర అలాంటిది లేదు. మాకున్నది 3 టెస్లా, 70 సెంటీమీటర్ల సొరంగం, నూట ఇరవై కిలోల మనిషైనా ఇబ్బంది లేకుండా పట్టే మెషిన్. అందులోకి ఇరవై రెండు గ్రాముల ఎలుకను పంపాలి. చేతిలో పెట్టుకుంటే నిమ్మకాయంత బరువు కూడా ఉండదు. మొదటి రాత్రి మా వార్డ్ బాయ్ చూసి "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే మేడమ్" అన్నాడు. నిజమే, మాకు కావలసింది ఆ ఎలుకే.

కష్టం ఎక్కడుందో లెక్కతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. మనిషి మెదడుకి మేం తీసే మామూలు టీ2 స్కాన్‌లో (నీళ్లు తెల్లగా కనపడే రకం) బొమ్మను కూర్చే ఒక్కో గడి సుమారు అర మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు, 5 మి.మీ. మందం. అంటే 1.25 ఘనపు మిల్లీమీటర్లు. ఎలుక మెదడు మొత్తం బరువే అర గ్రాము లోపు, వెడల్పు ఒక సెంటీమీటరు. 5 మి.మీ. మందాన ముక్కలు తీస్తే మూడు ముక్కల్లో మెదడు అయిపోతుంది. అందుకని 0.2 × 0.2 × 0.8 మి.మీ.కి దిగాం. ఆ గడి 0.032 ఘనపు మిల్లీమీటర్లు, మనిషి గడిలో దాదాపు 40వ వంతు. గడిలో నీళ్లు ఎంత తగ్గితే సిగ్నల్ అంత తగ్గుతుంది. మళ్లీ మళ్లీ తీసి కలుపుకుంటూ పోతే బొమ్మ బాగుపడుతుంది గానీ, రెట్టింపు బాగుపడాలంటే నాలుగు రెట్ల టైమ్ కావాలి. 40 రెట్లు బాగుపడాలంటే 1600 రెట్లు. మూడు నిమిషాల స్కాన్ 80 గంటలవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

మమ్మల్ని గట్టెక్కించింది కాయిల్. ఒంట్లోంచి వచ్చే సిగ్నల్‌ని పట్టే యాంటెన్నా అది, చెవి అనుకోండి. పెళ్లిపందిరి మధ్యలో నిలబడితే మూలన ఉన్న పసిబిడ్డ మూలుగు వినపడదు, దగ్గరికెళ్లి చెవి ఆనించాలి. మొదటి రాత్రి తెలియక హెడ్ కాయిల్‌లో పెట్టాం. తెర మీద బొమ్మకు బదులు బియ్యం చల్లినట్టు చుక్కలు. తర్వాత మోకాలి కాయిల్ పెట్టాం, తల ఆకారం కనపడింది. చివరికి మణికట్టుకి వాడే రిస్ట్ కాయిల్‌లో ఎలుకను బోర్లా పడుకోబెట్టి తీస్తే మెదడులోని సన్నటి నీటి గదులు కూడా విడివిడిగా కనపడ్డాయి. రాత్రి ఒంటిగంటప్పుడు మేమిద్దరం కన్సోల్ ముందు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డాం. ఇప్పుడు ఒక టీ2 సీక్వెన్స్, అంటే ఒక విడత స్కాన్, పదకొండు నిమిషాలు పడుతుంది. టెస్లాలు ఎక్కువుంటే చాలు అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ముందు కాయిల్ చూసుకోండి. ఎలుకకి సరిపడా చిన్న కాయిల్ ఉంటే 3 టెస్లా చాలా దూరం తీసుకెళ్తుంది.

మనుషుల మెషిన్‌కి మనిషి వస్తాడని గట్టి నమ్మకం. పేషెంట్ బరువు కిలోల్లో అడుగుతుంది, 0.022 అని కొడితే తీసుకోదు. మా ఫిజిసిస్ట్ సార్ కూర్చుని, అది ఒప్పుకునే అతి తక్కువ అంకె వేసి, దాని వల్ల రేడియో పవర్ హద్దులు ఎలా మారతాయో చూసి, సరే అన్నాకే ముందుకెళ్లాం. స్కాన్‌కి ముందు మెషిన్ తనంతట తాను ట్యూన్ చేసుకునే దశ ఒకటుంటుంది. సొరంగంలో అసలేమీ లేనట్టు అనిపించి అక్కడే ఆగిపోయేది. పక్కన సెలైన్ పెడితే గాని కదిలేది కాదు. ఆ సెలైన్ మళ్లీ ఫోటోలో మడతపడి ఎలుక తల మీదికొచ్చి కూర్చునేది. బొమ్మ మడతపడే దిశ (ఫేజ్ దిశ) మార్చి, పక్కకి తప్పించి, నానా తిప్పలు పడ్డాం. శ్వాసదీ అదే కథ. మనిషి పొట్టకి కట్టే బెల్టుకి ఎలుక ఊపిరి అందదు. నెలలు నిండని పిల్లలకి వాడే చిన్న గాలి ప్యాడ్ పొట్ట కింద పెట్టాక గాని గ్రాఫ్‌లో అలలు రాలేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి.

ఎలుకకు ఐసోఫ్లూరేన్ మత్తు ఇస్తాం. మత్తు మెషిన్‌లో ఇనుముంటుంది కాబట్టి అది కన్సోల్ గదిలోనే ఉంటుంది. గోడలో ఉన్న వేవ్‌గైడ్ కన్నంలోంచి పొడవాటి ట్యూబ్ లోపలికి వెళ్లి ఎలుక ముక్కు దగ్గరున్న చిన్న గొట్టానికి తగులుతుంది. ముందు మూడు నాలుగు శాతం, నిద్రపోయాక ఒకటిన్నర. మత్తులో ఎలుకకి తన ఒళ్లు తాను వెచ్చబెట్టుకునే శక్తి పోతుంది. ఒంటి బరువు తక్కువ, చర్మం విస్తీర్ణం ఎక్కువ, వేడి నిమిషాల్లో జారిపోతుంది. ఎంఆర్ఐ గదేమో చల్లగా ఉంటుంది, పైగా సొరంగంలో ఫ్యాన్. మనుషులకి దుప్పటి కప్పుతాం, వాళ్లు చలేస్తే బెల్ నొక్కుతారు.

మూడో రాత్రి ఒక ఎలుక చనిపోయింది. యాభై నిమిషాలు లోపల ఉంది. బయటికి తీసి చూస్తే ఒంటి వేడి 29 డిగ్రీలు. ఉండాల్సింది 37 దగ్గర. ఆ అమ్మాయి అరచేతుల్లో పెట్టుకుని ఊదుతూ కూర్చుంది, అది లేవలేదు. తప్పు నాది. ఫ్యాన్ ఆపాలని నాకు తట్టలేదు. ఇంకో సీక్వెన్స్, ఇంకొక్క సీక్వెన్స్ అంటూ టైమ్ పెంచింది నేను. నా టేబుల్ మీద పడుకున్న వాళ్ల బాధ్యత నాదని జూనియర్లకి ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి నేనే దాన్ని పాటించలేదు. ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు.

మర్నాడు మా నైట్ డ్యూటీ ఆయమ్మ ఉపాయం చెప్పింది. పురిటి వార్డులో పనిచేసిన మనిషి. "గ్లౌజుల్లో వేణ్నీళ్లు పోసి ముడేసి అటూ ఇటూ పెట్టండమ్మా, తక్కువ బరువు పిల్లలకి పూర్వం మేమట్లానే చేసేవాళ్లం" అంది. రబ్బరు గ్లౌజులో 40 డిగ్రీల నీళ్లు, పైన పల్చటి గుడ్డ, ఎలుకకు రెండు పక్కలా రెండు. ఫ్యాన్ బంద్. ఇరవై నిమిషాలకోసారి గ్లౌజులు మార్చడం. వేడి 36కి తగ్గకుండా నిలబడింది. అంతకన్నా ఆశ్చర్యం, ట్యూనింగ్ గొడవ కూడా తీరిపోయింది. కాయిల్ నిండా నీళ్లుంటే మెషిన్‌కి కావలసిన సిగ్నల్ దొరికినట్టే కదా. సెలైన్ తీసేశాం. ఫోటోలో ఎలుక తలకి రెండు వైపులా తెల్లగా మెరిసే రెండు మబ్బులు కనపడతాయి, అవి మా గ్లౌజులు. "వినాయకుడి వాహనం తల్లీ, దానికి చలేస్తే ఊరుకుంటాడా" అంటుంది ఆయమ్మ. రోజూ పెట్టె రాగానే ఒకసారి తొంగిచూసి గాని కదలదు.

ఆ తర్వాత ఒక్క ఎలుక కూడా టేబుల్ మీద పోలేదు. ఒక్కో ఎలుకకు ముప్పై ఐదు నిమిషాలు హద్దు పెట్టుకున్నాం. బొమ్మ బాగా రాలేదనిపించినా సరే, ఆ టైమ్ దాటితే బయటికి తీసేస్తాం.

ఇంకో రాత్రి కొత్త బ్యాచ్ ఎలుకలు చెవికి లోహపు ట్యాగులతో వచ్చాయి. పేరుకి స్టీలు, అయస్కాంతం దగ్గర మాత్రం ఇనుమే. అదృష్టం, బయటే గుర్తొచ్చి నాలుగింటికి తీసేశాం, ఒక్కటి జుట్టులో దాక్కుని మిగిలిపోయింది. సగం మెదడు నల్లటి గొయ్యిలా వచ్చింది. ఇప్పుడు తోక మీద మార్కర్ గీతలే. ఒకటో నంబరుకి ఒక గీత, ఐదో నంబరుకి ఐదు.

కాంట్రాస్ట్, అంటే కణితి మెరిసి కనపడేలా నరంలోకి ఎక్కించే మందు, దాని సంగతి విన్నప్పుడు నా చేతులు ఆడలేదు. 60 కిలోల మనిషికి మేం ఇచ్చే గడోలినియం డోసు, కిలోకి 0.1 మిల్లీమోల్ చొప్పున, 12 మిల్లీలీటర్లు. అదే లెక్కన 20 గ్రాముల ఎలుకకు 4 మైక్రోలీటర్లు. సూది మొనకి అంటుకునే చెమ్మంత. దాన్ని సెలైన్‌లో పలచన చేసి 100 మైక్రోలీటర్లు చేసి తోక నరంలోకి ఇస్తుంది ఆ అమ్మాయి. మనుషులకు వాడే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ పెడితే మందంతా ట్యూబులోనే ఉండిపోతుంది, ఎలుకకు చేరదు. అందుకని వెంట్రుక లావు కన్నంతో ఉండే ట్యూబ్ తెప్పించింది. తోకని వేణ్నీళ్లలో ముంచి నరం ఉబ్బాక, దీపం దగ్గర పెట్టి, ఊపిరి బిగబట్టి గుచ్చుతుంది. పద్నాలుగేళ్లలో ఎన్ని వేల క్యాన్యులాలు పెట్టి ఉంటానో, అలాంటి చెయ్యి నాకు లేదు.

ఎలుకలకి మనుషుల మెషిన్ ఏంటని అడిగేవాళ్లకి ఒక పాత సంగతి చెప్పాలి. ఎంఆర్ఐ పుట్టుకలోనే ఎలుకలున్నాయి, కణితులూ ఉన్నాయి. 1971లో రేమండ్ డమాడియన్ ఎలుకల నుంచి తీసిన కణితి ముక్కల్ని పరీక్షించి, మామూలు కణజాలానికీ కణితికీ సిగ్నల్ సద్దుమణిగే సమయంలో తేడా ఉందని చూపించాడు. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సిగ్నల్‌తో బొమ్మ గీయవచ్చని నిరూపించాడు. 1976లో డమాడియన్ బృందం బతికున్న ఎలుకలో కణితిని చూపించింది. మనిషి శరీరాన్ని ఆయన స్కాన్ చేసింది ఆ మరుసటేడు, 1977 జులైలో. అంటే మనకన్నా ముందు ఈ సొరంగంలోకి వెళ్లొచ్చింది ఎలుకే. 2003లో నోబెల్ లాటర్‌బర్‌కీ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ వచ్చింది, డమాడియన్‌కి రాలేదు. ఆ గొడవ వేరు.

ఇంతకీ ఏం కనపడుతుంది? ఈ ఎలుకల మెదడులో పెట్టినవి జీఎల్261 అనే గ్లియోమా (మెదడు కణితి) కణాలు. పైకి ఏమీ తెలియదు. చర్మం కింద పెరిగే గడ్డయితే కాలిపర్‌తో పొడవు వెడల్పు కొలిచి లెక్కేస్తారు. పుర్రె లోపలిదాన్ని ఎలా కొలుస్తారు? స్కాన్ లేని రోజుల్లో వారానికి కొన్ని ఎలుకల్ని చంపి మెదడు కోసి చూడాల్సిందే. ఇప్పుడు అదే ఎలుకను ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు చూస్తున్నాం. ఏడో రోజు ఆవగింజంత. పద్నాలుగో రోజుకి పెసరగింజ. ఇరవై ఒకటికి కొన్నింటిలో కందిగింజ. సెంటీమీటరు వెడల్పున్న మెదడులో కందిగింజ అంటే సగం.

జంతు ప్రయోగాలకి నైతిక కమిటీ అనుమతి ఉంటుంది, ఎన్ని ఎలుకలు, ఎందుకు అని ఒక్కోదానికీ లెక్క చెప్పాలి. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటన్ శాస్త్రవేత్తలు మూడు నియమాలు రాశారు: వీలైతే జంతువు లేకుండా చెయ్యి, తప్పకపోతే తక్కువ జంతువులతో చెయ్యి, వాటికి బాధ తగ్గేలా చెయ్యి. ఆ అమ్మాయి చెప్పిన రోజు నాకు అది చదివిన పాఠంలా అనిపించింది. ఇప్పుడు రెండో నియమం నా కళ్ల ముందే జరుగుతోంది. ప్రతి వారం కోసి చూడాలంటే ఎన్ని పెట్టెలు వచ్చి ఉండేవో, ఇప్పుడు వచ్చేది ఒక్క పెట్టె.

కొలతలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. 2 మి.మీ. ఉండ ఘనపరిమాణం 4.2 ఘనపు మిల్లీమీటర్లు. అంచు ఒక్క గడి అటు జరిపి 2.2 అని గీస్తే 5.6 అవుతుంది. 33 శాతం తేడా! మందు పనిచేసిందా లేదా అన్నది ఒక్క గడి తేల్చేస్తుందన్నమాట. అందుకే ఏ ఎలుకకు మందు, దేనికి ఉత్త సెలైన్ అన్నది అంచులు గీసే రేడియాలజిస్ట్ మేడమ్‌కీ తెలియదు, నాకూ తెలియదు. ఒక్కో కణితినీ ఆవిడ వేర్వేరు రోజుల్లో రెండుసార్లు గీస్తారు, రెండూ కలవకపోతే మూడోసారి.

మా మెషిన్‌తో కాని పనులూ ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో మిల్లీమీటరు లోపు మచ్చలు వెతకమంటే నా వల్ల కాదు. డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలికను చూసే స్కాన్) తీస్తే ఎలుక పుర్రె చుట్టూ బొమ్మ సాగిపోయి వంకరలు పోతుంది. మా గ్రేడియంట్లు, అంటే బొమ్మలో చోటును గుర్తించడానికి అయస్కాంత బలాన్ని చోటుచోటుకీ మార్చే కాయిల్స్, మీటరుకి 45 మిల్లీటెస్లా, ఎలుకల స్కానర్లలో వందల్లో ఉంటాయి. ఆ తేడా ఓపికతో పూడేది కాదు. అయినా ఒక్క విషయంలో మాదే మేలు అనుకుంటాను. పగలు గ్లియోబ్లాస్టోమా (తీవ్రమైన మెదడు క్యాన్సర్) పేషెంట్‌కి నేను తీసే టీ1, టీ2, కాంట్రాస్ట్ వరసే రాత్రి ఎలుకకూ తీస్తాను. అదే 3 టెస్లా, హైడ్రోజన్ పలికేది అదే 128 మెగాహెర్ట్జ్ దగ్గర, అదే మందు, బొమ్మ చూసేది అదే మేడమ్. ఎలుకలో కనిపించిన మార్పు రేపు మనిషిలో ఎలా కనపడొచ్చో ఊహించడానికి మధ్యలో మెషిన్ మారిపోలేదు. మూడు నెలలకోసారి ఫైలు పట్టుకుని వచ్చి, టేబుల్ ఎక్కుతూ "ఈసారి తగ్గుంటుందా సిస్టర్?" అని అడిగే వాళ్ల ముఖాలు నాకు తెలుసు. జవాబు చెప్పే అధికారం నాకు లేదు. రాత్రి పని మాత్రం మానాలనిపించదు.

పేషెంట్లు పడుకునే చోట ఎలుకలేంటని అడిగే హక్కు అందరికీ ఉంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ రాసిచ్చిన పద్ధతి గోడకి అంటించి ఉంది. ఎలుక మూత ఉన్న ప్లాస్టిక్ తొట్టిలోనే ఉంటుంది, టేబుల్‌కి తగలదు. కింద రెండు పొరల షీట్లు, అయిపోగానే పారేస్తాం. ఈ రిస్ట్ కాయిల్ పాతది, ఎలుకలకే కేటాయించాం, మనుషులకి వాడం. టేబుల్, సొరంగం, తలుపు పిడి రెండుసార్లు తుడుస్తాం. ఆరు ఎలుకలయ్యేసరికి రెండవుతుంది, తుడవడమయ్యేసరికి మూడున్నర. ఏడింటికి మొదటి పేషెంట్. కాస్తయినా వాసన ఉందేమోనని నేను మోకాళ్ల మీద కూర్చుని చూస్తాను.

ఇప్పుడున్న బ్యాచ్‌లో ఆరింటికి నాలుగే మిగిలాయి. ఒంటి బరువు ఐదో వంతు తగ్గినా, వీపు వంచుకుని కదలకుండా కూర్చున్నా ఇక దాన్ని బాధపడనివ్వకూడదని రూలు. వెటర్నరీ డాక్టర్ గారు రెండింటికి ఆ నిర్ణయం తీసుకున్నారు. రెండో నంబరుది చివరి స్కాన్ తీసిన రాత్రి ఆయమ్మ గదిలోకి రాలేదు.

ఐదో నంబరు కణితి పద్నాలుగో రోజు ఎంతుందో ఇరవై ఒకటో రోజూ అంతే ఉంది. మేడమ్ రెండుసార్లు గీశారు, రెండు లెక్కలూ కలిశాయి. అది మందు తీసుకున్న ఎలుకో, సెలైన్ తీసుకున్నదో కోడ్ విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఒక్క ఎలుకతో ఏమీ తేలదని ఆ అమ్మాయి నాకు చెప్తూనే ఉంది, తనకి తాను కూడా చెప్పుకుంటోంది. పోయిన వారం మత్తు దిగాక అది వెచ్చటి గ్లౌజు మీదికెక్కి, ముందు కాళ్లతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది. తను నోట్‌బుక్‌లో టైమ్ రాసుకుంది: 1.50.

ఈ రాత్రి ఇరవై ఎనిమిదో రోజు స్కాన్. ఎనిమిదిన్నర అయింది. ఫ్లాస్కు నింపుకుని బయల్దేరాలి.